రాధిక మాట, మన మౌనము

విజయనగరమున చదువుకొన్నవారి యింట కన్యాశుల్కము లేని బీరువా యుండుట అరుదు. తండ్రి కుమార్తెచే దానిని చదివించును. మధురవాణి మాటలకు అత్తయు కోడలును కలిసి నవ్వుదురు. అదే బీరువాలో ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనము ఉన్నచో అది వెనుక వరుసను, అట్టకు కాగితము చుట్టుకొని యుండును. మొదటిదానిని చదివితిమని చెప్పుకొందుము. రెండవదానిని చదివియు చెప్పము. స్త్రీని గూర్చి మన సంఘసంస్కరణము పలికినదేమో, పలుకక విడిచినదేమో ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో తెలియునని మా యభిప్రాయము.

గురజాడ అప్పారావుగారి నాటకము 1892లో ఈ పట్టణముననే మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో పెంచి వ్రాయబడినది. మొదటి ముద్రణపు పీఠికలో ఆయన, మహారాజావారు సిద్ధము చేయించిన పట్టిక నొకదానిని ఉదహరించిరి. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణుల యిండ్ల జరిగిన శుల్కవివాహములు 1,034. పెండ్లికుమార్తెలలో 99 మందికి అయిదేండ్లు, ముగ్గురికి ఒక్కయేడు. ఆ యంకెలను చూచిన సంస్కర్త ముందుగా వయస్సు నడుగును, బేరము నడుగును, బుచ్చమ్మవంటి వితంతువు గతి యేమని యడుగును. అప్పారావుగారు అడిగిరి. పెద్దదై, ఇష్టపడి పెండ్లాడిన స్త్రీకి ఆ దాంపత్యమున దేహసుఖము కలదా లేదా యన్న ప్రశ్న ఆ నాటకమున లేదు. ఇది దోషమని మేమనము. ఇల్లు కాలుచుండగా నీళ్ళు మోయువానిని కిటికీల సంగతి అడుగరాదు. కాని మంట చాలవరకు ఆరిన తరువాతను మన మా ప్రశ్న వేయలేదు. అది మన దోషము.

ఆ ప్రశ్నను అంతకు శతాబ్దమునకు పైగా ముందే ఒక స్త్రీ వేసినది. ముద్దుపళని తంజావూరి మహారాష్ట్ర ప్రభువైన ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమున నుండిన విదుషి. ఆమె కావ్యమున నాలుగాశ్వాసములు, 584 పద్యములు కలవు. రాధ తాను పెంచిన ఇళను కృష్ణునకు పెండ్లి చేసి, పిదప విరహమునకు తాళజాలక కోపించును. కృష్ణుడు వచ్చి ఆమెను ఓదార్చును. కథ ఇంతే. అయినను దీని పోకడ వేరు. మన శృంగారప్రబంధములలో నాయిక శరీరము ఆపాదమస్తకము వర్ణింపబడును. తుమ్మెదలు, చంద్రబింబములు, ఇసుకతిన్నెలు వరుసగా వచ్చును. అవి యన్నియు చూచువాని కన్నునకు కలిగిన సుఖములే. చూడబడిన యామెకు ఏమి తోచెనో చెప్పిన పద్యములు బహుస్వల్పము. రాధికాసాంత్వనమున రాధ కోరును, అడుగును, అలుగును, చొరవ చేయును. ఆమె తృప్తి పొందినగాని కథ ముగియదు. కావ్యమునకు పెట్టిన పేరే ఆ సంగతి తెల్పుచున్నది.

దీనిని మన పెద్దలు ఎట్లు స్వీకరించిరి? కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున ఆమె పాండిత్యమును, మృదువైన శైలిని మెచ్చియు, ఇట్టి వర్ణనలు స్త్రీ నోట రాదగినవి కావని నిందించిరి. వితంతువులకై అన్ని కష్టములు పడిన మహనీయునకును స్త్రీ నోట ఈ మాట సహింపరానిదయ్యెను. 1910లో ఈ కావ్యమును వావిళ్ళవారిచే అచ్చువేయించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు, సిగ్గు స్త్రీలకేగాని పురుషులకు లేదా యని సూటిగా అడిగిరి. 1911లో చెన్నపురి ప్రభుత్వము గ్రంథము అశ్లీలమని నిషేధమునకు పూనుకొనినది. ఆ నిషేధము టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవచే 1947లో తొలగినది. 1952లో కావ్యము మరల అచ్చయినది.

ఈ కావ్యమంతయు మాకు సమ్మతము కాదు. ఇళ పెండ్లినాటికి పసితనము వీడనిది. ఆమెపట్ల మెల్లగా మెలగుమని రాధ కృష్ణునకు హితవు చెప్పును. అంత చిన్నదానికి ఆ పెండ్లియే తగదన్న తలంపు ఆమెకు రాదు. పైపట్టికను చదివినవారు ఆ భాగమును మెచ్చజాలరు. కన్యాశుల్కము వయస్సు నడిగి సుఖము నడుగలేదు. రాధికాసాంత్వనము సుఖము నడిగి వయస్సు నడుగలేదు. అందుచేత ఒకదానిని విడిచి రెండవదానిని చదువరాదు.

స్త్రీకి సుఖప్రాప్తి యుండునా, యున్నచో ఎట్టిది అన్న వాదము పాతది. కామసూత్రములలో ఔద్దాలకి యొకటి, బాభ్రవ్యులు వేరొకటి చెప్పగా, వాత్స్యాయనుడు స్త్రీపురుషుల కిరువురకును సుఖము సమానమేయని, ఆమెయే ముందు తృప్తి పొందవలెనని నిర్ణయించెను. వాదించినవారందరును పురుషులే. నేటి వైద్యశాస్త్రము దేహమునే పరీక్షించినది. స్త్రీకి సుఖజ్ఞానమునకే యేర్పడిన అవయవ మొకటి కలదు. ఆంగ్లవైద్యులు దానిని క్లైటోరిస్ అందురు. తెలుగున కొందరు యోనిశీర్షమందురు. యోనిపెదవులు పైన కలియుచోట గింజవలె అగుపడునది దాని కొన మాత్రమే. మిగిలినది రెండు పాయలుగాను, యోనిమార్గమున కిరుప్రక్కల రెండు ఉబ్బులుగాను లోపల నుండును. ఆస్ట్రేలియాలో హెలెన్ ఓకానెల్ అను శస్త్రవైద్యురాలు దీని పూర్తి స్వరూపమును 1998లో వివరించి ప్రకటించునాటికిని, అనేక పాఠ్యగ్రంథములు దానిని సరిగా చూపుట లేదు.

కోరిక కలిగినపుడు ఈ భాగము రక్తముతో నిండి ఉబ్బును, యోనిమార్గము తడియగును. దానికి వ్యవధి కావలెను. ఆ వ్యవధి యీయనిచో సంగమము నొప్పి కలిగింపవచ్చును. ఉద్రేకము పరాకాష్ఠ నందినపుడు కటికండరములు లయగా ముడుచుకొని సడలును, అదియే భావప్రాప్తి. పెద్దదైన స్త్రీ సుఖము యోనిశీర్షమును విడిచి లోపలికి మారవలెనని ఫ్రాయిడ్ 1905లో వ్రాసెను. మాస్టర్స్, జాన్సన్ అను నిరువురు పరిశోధకులు 1966లో తమ పరీక్షాఫలితములను ప్రకటించి, అట్టి భేదము లేదని చూపిరి. కేవల సంగమముచే భావప్రాప్తి పొందని స్త్రీలు అనేకులు. అది వారి లోపము కాదు, దేహనిర్మాణ మట్టిది.

ఈ సంగతి సాహిత్యవిమర్శకు వెలుపలిదని కొందరనవచ్చును. మేమంగీకరింపము. పై పేరాలు వ్రాయుటకు మాకు కలిగిన కష్టము విషయముచే గాక మాటలచే కలిగినది. ప్రబంధమున ఉపమానములు వందలు, పేరు లేదు. వీధిలో పేర్లున్నవి; అవి తిట్లు. ఇంటిలో మౌనము. నోటి మాటను గ్రంథములలోనికి తెచ్చుటకై అప్పారావుగారు పోరాడిన పట్టణమున, నొప్పియు తృప్తియు భర్తకు చెప్పుకొనుటకు భార్యకు మర్యాదగల మాట యొకటి లేదు. మాట లేని భార్య నొప్పిని ధర్మమని భరించును. భర్త దానిని లజ్జ యనుకొనును. ఇట్లే ఇరువది యేండ్లు గడచిన దంపతులు మన పరిచయములో లేరని ఎవరనగలరు?

రాధ తన దేహమును గూర్చి తాను పలికినది. రెండువందల యేండ్లకు పైబడిన ఆ పలుకును మనము అశ్లీలమని వెనుక వరుసలో దాచితిమి. పెండ్లీడు వచ్చిన కొడుకులును కూతుండ్రును ఉన్న గృహస్థులు దాని కాగితము విప్పి, కన్యాశుల్కము ప్రక్కనే ఉంచవలెనని మా విన్నపము. ఎవరైనను దాని సంగతి అడిగినచో, ముఖము త్రిప్పుకొనక సమాధానము చెప్పవలెను.