పాట పాఠమయ్యేదెప్పుడు? ప్రాథమిక తరగతిలో ఆంగ్లగేయ బోధన: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాట ద్వారా ఆంగ్లబోధనకున్న బలాన్ని, పరిమితులను హైదరాబాదులోని గుడిమల్కాపూర్ భాషాపరిసరాల నేపథ్యంలో వివేచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆంగ్లబోధన, బాలగేయం, ఉచ్చారణ, మాతృభాషాప్రభావం, గుడిమల్కాపూర్.

1. ప్రవేశిక:
తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి 1-8 తరగతులకు ఆంగ్లమాధ్యమం ప్రవేశించింది. ఇంట్లో ఆంగ్లం వినపడని పిల్లలకు ఆ భాష తరచుగా పాటరూపంలోనే పరిచయమవుతుంది. భయసంకోచాలు భాషార్జనకు అడ్డుగోడలవుతాయని స్టీఫెన్ క్రాషెన్ 1982 నాటి గ్రంథంలో వివరించాడు. బృందగానం ఆ భయాన్ని తగ్గిస్తుంది. ఒకరి తప్పు పదిమంది గొంతులో కలిసిపోతుంది. అయితే ఆ గుణమే దోషం కూడా. ఎవరికి అర్థమైందో, ఎవరు పెదవులు మాత్రమే కదుపుతున్నారో ఉపాధ్యాయులకు తెలియదు.

2. లయ - ఉచ్చారణ:
గుడిమల్కాపూర్‌లో తెలుగు, ఉర్దూ పక్కపక్కనే వినిపిస్తాయి. తెలుగు అజంతభాష కనుక తెలుగు పిల్లలు ‘బస్’ను ‘బస్సు’ అని పదాంతంలో అచ్చు చేరుస్తారు. ఉర్దూ పిల్లల్లో కొందరు ‘స్కూల్’ను ‘ఇస్కూల్’ అని పదాదిన చేరుస్తారు. రెండుచోట్లా జరిగేది ఒకటే: ఒక అక్షరం పెరగడం. చప్పట్ల దరువుతో పలికించినప్పుడు ఆ అదనపు అక్షరం లయకు అడ్డుపడి, దిద్దుబాటుకు వీలు కల్పిస్తుంది. కరోలిన్ గ్రాహమ్ 1978లో ప్రచురించిన ‘జాజ్ చాంట్స్’ మాటలోని సహజమైన ఊనికనే తాళంగా గ్రహించింది. రాగం కోసం అక్షరాలను సాగదీసే పాటల్లో ఆ ఊనిక చెదిరిపోవచ్చు. కనుక ఉచ్చారణ బోధనకు రాగప్రధానమైన పాటకన్నా దరువుతో సాగే పలుకుపాట మేలు.

3. వస్తువు - సందర్భం:
వానను వెళ్ళిపొమ్మనే ఆంగ్ల బాలగేయం, వానను రమ్మని పిలిచే తెలుగునేలపై అనుభవానికి ఎదురునడుస్తుంది. గుడిమల్కాపూర్ పిల్లలకు పరిచితమైనది పూలమార్కెట్. అక్కడి బంతి, చామంతి, గులాబీల రంగులను, లెక్కలను, బేరాన్ని ఆంగ్లంలో చిన్న ప్రశ్న-జవాబు పాటగా కట్టవచ్చు. పువ్వు పేరో, రంగో, ధరో మార్చిన ప్రతిసారీ విద్యార్థి ఒక కొత్త వాక్యాన్ని నిర్మిస్తాడు. కంఠస్థం భాషగా మారే చోటు ఇదే.

4. ముగింపు:
వార్షికోత్సవ వేదికపై తడబడకుండా పాడిన బిడ్డకు ఆంగ్లం వచ్చేసిందని తల్లిదండ్రులు నమ్ముతారు. ఆ నమ్మకాన్ని నిజం చేయవలసినది తరగతిగదే. పాట ఆగిన తరువాత, బృందం తోడు లేకుండా, విద్యార్థి అందులోని ఒక వాక్యాన్ని తన అవసరానికి మార్చి చెప్పగలిగినప్పుడే ఆ పాట పాఠమవుతుంది.