రానివాళ్ల ఫొటోలేవి?

సోమవారం డిగ్రీ ఫస్టియర్ క్లాసులోకి పాఠం చెప్పడానికి వెళ్లేసరికి అందరి చేతుల్లోనూ రంగు కాగితాలు. ఆదివారం బిలాస్‌పూర్ దగ్గరి మా తఖత్‌పూర్‌లో ఒక కల్యాణమండపంలో వ్యక్తిత్వ వికాస శిబిరం జరిగిందట. రాయ్‌పూర్ నుంచి కోటు వేసుకుని ఒకాయన వచ్చాడు. పిల్లల చేత ప్రశ్నలకు టిక్కులు పెట్టించి, ఒక్కొక్కరికీ ఒక్కో జంతువును అంటగట్టి వెళ్లాడు. ముందు బెంచీ అమ్మాయి నెమలి. ఆమె పక్కనమ్మాయి గుడ్లగూబ. అందుకని ముఖం గంటు పెట్టుకుని కూర్చుంది. కిటికీ దగ్గర కూర్చునే కిరాణా కొట్టు వాళ్లబ్బాయి సింహమట. హాజరు పిలిస్తే ఆ రోజు గర్జించినట్టే పలికాడు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా జబ్బు తెలుసు. జుట్టు నూనె, మోకాళ్ల నొప్పుల బెల్టు, ర్యాంకుల ప్రకటన, దేన్ని చూసినా నేనడిగేది ఒకటే: వాడనివాళ్ల సంగతేమిటి? శిబిరం కరపత్రం నిండా పైకొచ్చినవాళ్ల ఫొటోలున్నాయి. సంతోషం. ఇదే ఊళ్లో, ఇదే వయసులో, ఆ మండపం గడప తొక్కకుండా పైకొచ్చినవాళ్ల ఫొటోలేవి? డబ్బు కట్టి వెళ్లొచ్చి కూడా ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయినవాళ్లవేవి?

ఈ జబ్బు నాకు వాల్తేరులో అంటుకుంది. ఆంధ్రా యూనివర్సిటీలో కోనేరు రామకృష్ణారావు గారు 1967లో నెలకొల్పిన సైకాలజీ, పారాసైకాలజీ విభాగంలో చదివాను. అతీంద్రియ శక్తి ఉందా లేదా తేల్చడానికి జీనర్ కార్డులని ఉంటాయి. మొత్తం 25. వృత్తం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం, ఒక్కో బొమ్మ ఐదేసి కార్డుల మీద ఉంటుంది. అవతలి మనిషి చేతిలో ఏ కార్డుందో చూడకుండా చెప్పాలి. ఆ శక్తుల మీద నాకు అప్పుడూ గురి కుదరలేదు, ఇప్పుడూ లేదు. అయితే ఆ కార్డులు ఒక మంచి పని చేశాయి. కళ్లు మూసుకుని నోటికొచ్చింది చెప్పినా సగటున ఐదు తగులుతాయి. ఐదు తగిలాయని చప్పట్లు కొట్టకూడదని అక్కడే ఒంటబట్టింది. కరపత్రంలో ఫొటోలు ఆ ఐదే కావచ్చు.

సరే, జంతువుల సంగతి. దానికి నా దగ్గర ఏటా చేసే ప్రాక్టికల్ ఒకటుంది, ఈసారి ముందుకు జరిపాను. ప్రశ్నాపత్రం ఒకటి నింపించి, మర్నాడు ఎవరి పేరు మీద వాళ్లకు మడతపెట్టిన కాగితం ఇచ్చాను. "నలుగురిలో నవ్వుతూ ఉంటారు గానీ ఇంటికెళ్లాక ఆ రోజు అన్న మాటలన్నీ మళ్లీ తలచుకుంటారు. మీరు పడే కష్టం ఇంట్లోవాళ్లకు సగమే తెలుసు." ఇలా ఓ పది వాక్యాలు, హిందీలో. అయిదుకి ఎన్ని మార్కులిస్తారో వెయ్యమన్నాను. నాలుగులూ అయిదులూ పడ్డాయి. గుడ్లగూబ అమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి, సగం కష్టం దగ్గర. ఆ తర్వాత పక్కవాళ్లతో కాగితాలు మార్చుకోమన్నాను. అందరివీ ఒకటే! ఒక్క నిమిషం నిశ్శబ్దం, ఆ వెంటనే గోల. ఈ తమాషా నాది కాదు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ తన 39 మంది విద్యార్థుల మీద చేశాడు. బజార్లో దొరికే జాతకాల పుస్తకంలోంచి వాక్యాలేరి అందరికీ అదే ఇచ్చాడు, సగటున 4.26 మార్కులు వచ్చాయి.

మనిషిని కొలవడమే దండగ అనడం లేదు. మాది రైల్వే కుటుంబం, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం నుంచి బిలాస్‌పూర్ వచ్చిపడ్డవాళ్లం. మా కాలనీలో సైకో టెస్ట్ అంటే చిన్నపిల్లలకి కూడా తెలుసు. అసిస్టెంట్ లోకో పైలట్ కావాలంటే అది గట్టెక్కాలి. నువ్వు సింహానివా నెమలివా అని అది అడగదు. జ్ఞాపకం, సూచనలు పాటించడం, లోతు అంచనా, ఏకాగ్రత, చూసి పసిగట్టే వేగం, ఈ అయిదింటిలోనూ విడివిడిగా కనీసం 42 టి-స్కోరు రావాలి. ఒకదాంట్లో తగ్గితే ఇంకోదాంట్లో ఎంతొచ్చినా లాభం లేదు. ఏ కేటగిరీకీ సడలింపు లేదు. కొలిస్తే అలా కొలవాలి, ఏ పనికో ముందు చెప్పి.

శిబిరంలో ఒత్తిడి గురించి కూడా చెప్పారట. తిరగేసిన గిన్నెలా ఉండే ఆ గీత గీసి, మరీ తక్కువైతే బద్ధకం, మరీ ఎక్కువైతే కంగారు, మధ్యలో ఉంటే విజయం అన్నారట. ఆ గీతకు మూలం యెర్క్స్, డాడ్‌సన్ 1908లో చేసిన ప్రయోగం. వాళ్లు షాకులిచ్చింది చిట్టెలుకలకి, అడిగింది తెల్ల పెట్టె ఏదో నల్ల పెట్టె ఏదో గుర్తుపట్టమని. డిగ్రీ పరీక్షల గురించి ఆ ఎలుకలు ఏమీ చెప్పలేదు.

ఇంత ఉతికి ఆరేశాక సింహం లేచి నిలబడ్డాడు. "అయితే మేడమ్, క్లాసు చెప్పి మనిషిని మార్చడం అసలు కుదరదంటారా?" కుదరదు అని నాలుక చివరిదాకా వచ్చింది. కాకినాడ అడ్డుపడింది.

కాకినాడ మా అమ్మ పుట్టిల్లు. సెలవులకు వెళ్తే మేనమామ ఇనుప సామాన్ల కొట్లో మేకులు తూచడమే నాకు కాలక్షేపం. ఆ ఊరి పేరు సైకాలజీ పుస్తకాల్లో కనబడుతుందని అప్పుడెవరైనా చెబితే నవ్వేదాన్ని. హార్వర్డ్‌లో డేవిడ్ మెక్‌లెలాండ్ అని ఒక ప్రొఫెసరుండేవాడు. కొన్ని సమాజాలు ఎదిగి కొన్ని ఎందుకు ఎదగవన్న ప్రశ్నకు ఆయన వెతికిన జవాబు మనుషుల్లో ఉండే సాధన ప్రేరణ, అంటే చేసే పనిని నిన్నటికన్నా బాగా చెయ్యాలన్న తపన. 1961లో దాని మీద లావుపాటి పుస్తకం రాశాడు. రాసి ఊరుకోలేదు, ఆ తపనను నేర్పించగలమా అని పరీక్ష పెట్టాడు. పెట్టింది బోస్టన్‌లో కాదు, కాకినాడలో. 1964లో ఆ ఊరి వ్యాపారస్తులు యాభై మందికి పైగా బృందాలుగా హైదరాబాద్ వెళ్లి చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో కూర్చున్నారు. అప్పట్లో దాన్ని సియెట్ అనేవారు. యూసుఫ్‌గూడలో ఇప్పటికీ వేరే పేరుతో నడుస్తోంది.

పైకి చూస్తే మన కోటాయన శిబిరానికీ దానికీ పెద్ద తేడా కనపడదు. ఒక బొమ్మ చూపించి కథ రాయమనేవారు. బొమ్మలో ఏం జరుగుతోంది, ఆ మనిషి ఏమనుకుంటున్నాడు, తర్వాత ఏమవుతుంది. రాసిన కథలో తపన పాలెంతో లెక్కగట్టేవారు. పాతిన పుల్లకు రింగు విసిరే ఆట ఆడించేవారు, మన జాతరల్లో సబ్బుబిళ్లలకు రింగులేసేలాంటిదే. ఎంత దూరంలో నిలబడాలో ఆడేవాడిష్టం. పుల్ల పక్కనే నిలబడి వేసేవాడికి గెలిచినా తృప్తి ఉండదు. గోడ దగ్గర్నుంచి విసిరేవాడు అదృష్టాన్ని నమ్ముకున్నట్టు. తగిలీ తగలనంత దూరం ఎంచుకునేవాడిలోనే ఆ తపన ఉందని మెక్‌లెలాండ్ సిద్ధాంతం. అప్పు చేసి కొత్త మెషిను కొనాలా వద్దా అని తేల్చుకునేటప్పుడూ మనిషి చేసేది అదే అంచనా కదా.

తేడా అంతా తర్వాత చేసిన పనిలో ఉంది. ఆ శిక్షణకు వెళ్లని వ్యాపారస్తులను కూడా కాకినాడలోనూ, పక్కన రాజమండ్రిలోనూ ఎంచుకుని, వాళ్లనీ అవే ప్రశ్నలడిగారు. కొత్త వ్యాపారమేదైనా పెట్టారా? పెట్టుబడి ఎంత పెంచారు? ఎంతమందికి పని ఇచ్చారు? మా మావయ్య శిక్షణకు వెళ్లలేదు కాబట్టి ఆయన కూడా ఆ రెండో గుంపులో ఉండే ఉంటాడని నేను సరదాగా అంటూంటాను. "నన్నెవడూ ఏమీ అడగలేదే అమ్మాయ్" అనేవాడు ఆయన.

మెక్‌లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ఫలితాలు పుస్తకంగా వేశారు. వెళ్లొచ్చినవాళ్లు వెళ్లనివాళ్లకన్నా ఎక్కువ కదిలారు. కొత్త పనులు మొదలెట్టారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువమందికి పని చూపించారు. పంచె కట్టినవాడా ప్యాంటు వేసినవాడా, పూజలు చేసేవాడా చెయ్యనివాడా, కులమేది, వీటితో పనిలేకపోయింది. సంప్రదాయం పట్టుకు వేలాడేవాళ్లు వ్యాపారంలో ఎదగరని పెద్దపెద్ద విదేశీ పండితులు రాస్తున్న రోజుల్లో కాకినాడ కొట్లవాళ్లు ఇచ్చిన సమాధానమది. నేను అభిమానంతో చెబుతున్నానని మీరనుకుంటే అనుకోండి.

కాకపోతే ఆ పుస్తకంలోదే ఇంకో సంగతి. మార్పు బాగా కనబడింది ఎవరిలో? కొట్టు తన చేతిలో ఉన్నవాడిలో. ఏం కొనాలి, ఎవరిని పెట్టుకోవాలి, ఎంత అప్పు చెయ్యాలి అని తనే నిర్ణయించుకోగలిగినవాడిలో. గల్లా పెట్టె తాళం నాన్న మొలతాడుకో అన్న జేబులోనో ఉన్నవాడు ఎంత ఉత్సాహంతో ఇంటికొచ్చినా దాన్ని ఖర్చుపెట్టే చోటు లేదు. సింహానికి ఇది చెప్పాను. ఆ అబ్బాయి కాసేపు ఆలోచించి, "మా కొట్లో ఏ సరుకు తేవాలో కూడా నన్నడగరు మేడమ్" అన్నాడు.

కాబట్టి కోటాయన మీద నాకిప్పుడు కోపం లేదు. ఆయన చెప్పేది నేర్పగలిగేదే. జంతువుల బొమ్మలు మాత్రం దాచెయ్యమంటాను. వచ్చిన చిక్కల్లా ఆయన నేర్పింది ఇంకా ఏ నిర్ణయమూ తమ చేతిలో లేని పద్దెనిమిదేళ్ల పిల్లలకి. నేర్పి, ఫలితం చూడకుండా బిలాస్‌పూర్ బస్సెక్కి వెళ్లిపోయాడు.

అయ్యా, నిర్వాహకులకు నా మనవి. వచ్చేసారి తఖత్‌పూర్ బజార్లో కొట్ల యజమానులను పిలవండి. ఆడవాళ్లను కూడా, టైలరింగ్ కొట్లు, పాల డెయిరీలు నడిపేవాళ్లున్నారు. పేర్లిచ్చినవాళ్లలో చీటీలు తీసి సగం మందినే కూర్చోబెట్టండి. మిగతా సగం పేర్లు పారెయ్యకుండా నాకివ్వండి. రెండేళ్లు పోయాక రెండు జాబితాలూ పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరిగి అడగడానికి మా పిల్లలున్నారు, అప్పటికి ఫైనలియర్‌కి వస్తారు. ఆ లెక్కకు ఫీజు తీసుకోం.