వికీ వ్రాతపలకయు సామాన్య లేఖకుడును

ఎల్లరును వ్రాయవచ్చునను ఆహ్వానము మంచిదే. కాని ఆహ్వానించినవారు వాకిట నెట్టి తలుపు పెట్టిరో కూడ విమర్శకుడు చూడవలెను. వికీపీడియాను బ్రౌజరునందే దిద్దుటకై నిర్మింపబడిన వ్రాతపనిముట్లను ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఇది యంత్రజ్ఞులకు మాత్రమే సంబంధించిన చర్చ యని పాఠకులు తలంపరాదు. ఎవరి జ్ఞానము గ్రంథమున కెక్కును, ఎవరిది గడప యవతలనే నిలిచిపోవును అను ప్రశ్న ఇందు ఇమిడియున్నది.

1995వ సంవత్సరమున వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని నెలకొల్పినపుడు సరళతయే లక్ష్యముగ నుండెను. హెచ్.టి.ఎం.ఎల్. నేర్వనివారును వ్రాయగలుగునట్లు కొన్ని చిన్న గుర్తులు కల్పింపబడినవి. 2001లో పుట్టిన వికీపీడియా ఆ మార్గమునే పట్టినది. రెండేసి అపాస్ట్రఫీల నడుమ నుంచిన మాట వాలుటక్షరములుగ నగును; మూడేసి యుంచిన బొద్దగును; జంట చదరపు బ్రాకెట్ల నడుమ నుంచినది లింకగును. ఇంతవరకు బాలురును నేర్వగలరు. కాని నేడొక పట్టణమును గూర్చిన వ్యాసపు మూలమును తెరచినచో మొదట గనబడునది పట్టణము కాదు. మీసాల బ్రాకెట్లతోను, నిలువుగీతలతోను నిండిన మూస. ఆ తరువాత వాక్యమధ్యముల జొరబడిన మూలసూచికలు. మొదటి వాక్యమును వెదకికొనుటయే యొక పరిశ్రమ. సదుపాయమునకై పుట్టిన గుర్తులే క్రమముగా మరియొక విద్యయై కూర్చున్నవి.

తెలుగువారి కష్టమింకొకటి. ఇన్‌స్క్రిప్టు కీబోర్డుపై చదరపు బ్రాకెట్టు తెరచు మీట డకారమునకును, అపాస్ట్రఫీ మీట టకారమునకును చెందినవి. కావున ఈ పద్ధతిని టైపు చేయువారు ఒక గుర్తు పెట్టవలెనన్నను కీబోర్డును ఇంగ్లీషునకు మార్చి, గుర్తు వ్రాసి, మరల తెలుగునకు రావలయును. లింకునకు బొత్తాము కలదన్న మాట నిజమే. మూసలలోని గుర్తులన్నిటికిని బొత్తాములు లేవు. ఆలోచన సాగుచుండగా పదిమార్లు లిపి మార్చిన లేఖకుడు పదునొకండవమారు పని మానివేసినచో అతనిని దూషింపజాలము.

ఈ చిక్కును దొలగించుటకే వికీమీడియా ఫౌండేషను విజువల్ ఎడిటరును నిర్మించినది. చదువరికి పుట యెట్లు కనబడునో అట్లే కనబడుచు, గుర్తుల నెరుగకయే దిద్దుట కనువైన పనిముట్టిది. 2013 జూలైలో దీనిని ఇంగ్లీషు వికీపీడియాలో అందరి ముందును నిలిపిరి. మందకొడితనమును, లోపములును మెండుగ నుండుటచే అనుభవజ్ఞులు తిరుగబడిరి. సెప్టెంబరులో అది కోరినవారికి మాత్రమే లభించునట్లు మార్పబడినది. పాతవారి అసూయయే దీనికి కారణమనుట అన్యాయము. అలవాటు చొప్పున కొత్త పలకపై వ్రాసిన గుర్తులు పనిచేయక, చుట్టును నోవికీ ట్యాగులతో వట్టి అక్షరములై నిలిచెను. వానిని ఏరివేయు చాకిరి పాతవారిపై బడెను. సంస్కారము పరీక్షకు ముందే శాసనమగుట కార్యహానికి హేతువు.

అయినను పని యెంత కఠినమో గ్రహింపవలెను. వికీ గుర్తులకు మొదట సమగ్రమైన వ్యాకరణ మేర్పడలేదు; యంత్రము చదివిన తీరే నియమమై నిలిచినది. పార్సాయిడ్ అను మధ్యవర్తి ఆ గుర్తులను హెచ్.టి.ఎం.ఎల్.గ మార్చి పలక కందించి, దిద్దిన పిదప మరల గుర్తులుగ మార్చును. ఇచ్చట నిర్మాతల వివేకము మెచ్చదగినది. లేఖకుడు ముట్టని భాగమును తిరిగి వ్రాయక ఉన్నదున్నట్లే నిలుపు ఏర్పాటు చేసిరి. ఒక అక్షరము దిద్దినవానికి పుటయంతయు మార్చిన నింద రాదు. పరిశీలించువారికిని శ్రమ తగ్గును. కంటికి గనబడని ఈ మర్యాదయే పనిముట్టునకు ప్రాణము.

అట్లని పలక మారినంతనే లేఖకులు పుట్టుకొనివత్తురనుట భ్రమ. 2015లో ఇంగ్లీషు వికీపీడియాలో జరిగిన పరీక్షలో కొత్త పలక లభించిన నవాగతుల పని, లభింపనివారి పనికంటె చెప్పుకోదగినంత అధికము కాలేదు. గుర్తులు మొదటి యడ్డు మాత్రమే. తన వాక్యము కారణము చెప్పబడకయే తుడిచివేయబడిన వానికి ఏ పలకయు ధైర్యమీయజాలదు.

కొత్తవారికి కనబడు పుటను, పాతవారికి గుర్తుల మూలమును రెంటిని నిలిపి, ఒకదానినుండి మరియొకదానికి పోవు బొత్తాము నుంచుట నేటి పద్ధతి. ఇదియే న్యాయమని మా యభిప్రాయము. ఇక మిగిలిన పని యంత్రజ్ఞులది కాదు, మనది. మూసను దిద్దబోవునపుడు విజువల్ ఎడిటరు గళ్ళతో గూడిన పత్రమును చూపును. ఏ గడిలో నేమి వ్రాయవలెనో టెంప్లేట్‌డేటా అను భాగమున ఎవరైన వివరించి యుంచిననే అది తెలియును. లేనిచో వట్టి గళ్ళ పేర్లే కనబడును. 2003 నుండి నడచుచున్న తెలుగు వికీపీడియాలో ఈ వివరణలను తేటతెలుగున వ్రాయుటకు ఇంజనీర్లక్కరలేదు. మూస ప్రయోజన మెరిగిన గృహస్థులును గృహిణులును చాలుదురు. తన వృత్తిని గూర్చిన అచ్చుపుస్తకమును చేతబట్టి వచ్చిన నేతగాడు, ఎవరిని యాచింపక, ఒక తప్పు దిద్ది వెళ్ళగలిగిన దినముననే ఆ ఆహ్వానము సార్థకము.