సూకీ ఎవరిని చేసుకుంటే మనకేం?

దయ్యాల కథలంటే నాకు భయం లేదు. ఆగడం తెలియని కథలంటేనే భయం. ఒక నవల బావుంటే రెండోది రావాలనిపిస్తుంది. రెండోది బావుంటే మూడోది. ఏడో ఎనిమిదో వచ్చేసరికి చదవాలన్న సరదా తగ్గిపోయి, ఇంతదాకా వచ్చి వదిలేస్తే ఆ పిల్ల ఏమైపోతుందోనన్న బెంగ మొదలవుతుంది. సీరియల్స్ చదివేవారికి ఈ జబ్బు కొత్తేమీ కాదు. రాసేవారికి అసలే కాదు.

నాకీ జబ్బు తిరగబెట్టించినావిడ షార్లెయిన్ హారిస్. అమెరికాలో దక్షిణాదిన మిసిసిపీ రాష్ట్రంలో పుట్టిన రచయిత్రి. మామూలు అపరాధ పరిశోధన నవలలు రాసుకుంటున్న మనిషి కాస్తా 2001లో 'డెడ్ అంటిల్ డార్క్' అని ఒకటి రాసింది. అక్కణ్ణించి 2013లో 'డెడ్ ఎవర్ ఆఫ్టర్' వచ్చేదాకా ఏడాదికొకటి చొప్పున మొత్తం 13 నవలలు. ప్రతి పేరులోనూ 'డెడ్' అన్న మాట ఉండి తీరుతుంది. మన ఇళ్ళల్లో అయితే పొద్దున్నే ఆ పేర్లు పైకి చదవొద్దని కసురుకుంటారు.

ముందే చెప్పేస్తున్నాను. గుట్లన్నీ విప్పకుండా ఈ పుస్తకాల గురించి మాట్లాడటం నావల్ల అయ్యే పని కాదు. చదువుదామనుకుంటున్నవారు ఈ పేజీ ఇప్పుడు తిప్పేసి, పదమూడూ అయ్యాక తీరిగ్గా రండి.

లూసియానా రాష్ట్రం ఉత్తరాన బాన్ టెంప్స్ అని ఒక చిన్న ఊరు. ఊరు కల్పితం, దగ్గర్లో ఉన్న ష్రీవ్‌పోర్ట్ మాత్రం నిజం. ఆ ఊళ్ళో శామ్ మెర్లాట్ అనేవాడి బార్లో సప్లై పని చేస్తుంది సూకీ స్టాక్‌హౌస్. పాతికేళ్ళ పిల్ల. ఏడేళ్ళప్పుడు అమ్మానాన్నా వరదలో పోయారు. నాయనమ్మ పెంచింది. కాలేజీ మొహం చూడలేదు. రోజుకో కొత్త మాట నేర్పే కేలండరు గోడకి తగిలించుకుని, ఆ మాట ఎక్కడ వాడదామా అని రోజంతా చూస్తుంటుంది. ఎదుటివాళ్ళ మనసులో మాటలు తనకు వినపడతాయి. ఊరి జనం దాన్ని వరమనరు, పిచ్చి అంటారు. అంతకు కొన్నేళ్ళ ముందు జపానువాళ్ళు కృత్రిమ రక్తం కనిపెట్టారు. దాంతో ఇన్నాళ్ళూ దాక్కున్న రక్తపిశాచాలు 'మేమూ ఉన్నామండీ, ఇక మిమ్మల్ని తాగక్కర్లేదు' అంటూ లోకం ముందుకు వచ్చేశాయి. ఒక రాత్రి ఆ బార్లోకి బిల్ కాంప్టన్ అనే పిశాచం వస్తాడు. వాడి మనసులోంచి సూకీకి ఒక్క ముక్క కూడా వినపడదు. నిశ్శబ్దం! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ సంతలో కూచున్నట్టున్న పిల్లకి ఆ నిశ్శబ్దం ఎంత హాయో చూడండి. ప్రేమలో పడటానికి ఇంతకంటే మంచి కారణం ఈమధ్య కాలంలో నేను ఏ నవల్లోనూ చూడలేదు.

అపరాధ పరిశోధన నవల రాసేవారికి ఇక్కడో పెద్ద చిక్కుంది. మనసుల్లో మాట వినే హీరోయిన్ ఉంటే హంతకుడు మొదటి పేజీలోనే దొరికిపోవాలి కదా? హారిస్ ఈ చిక్కును చాలా నేర్పుగా దాటింది. ఒకటి, వినడం సూకీకి శ్రమ. పైగా మర్యాద కాదని తనకు తనే మూత వేసుకుంటుంది. రెండు, మనుషులు వాక్యాల్లో ఆలోచించరు. ముక్కలు ముక్కలుగా, బొమ్మలు బొమ్మలుగా ఆలోచిస్తారు. మూడు, పిశాచాల బుర్ర ఖాళీగా ఉంటుంది, తోడేలు మనుషుల బుర్ర గుర్రుగుర్రుమంటూ ఎర్రటి మసక. అంచేత వినే చెవి ఉన్నా రహస్యం రహస్యంగానే మిగులుతుంది. మొదటి నవల్లో ఆడవాళ్ళ గొంతులు పిసికి చంపుతున్నవాడు పిశాచం కాదు. రోజూ బార్‌కి వచ్చి సరదాగా మాట్లాడిపోయే రెనే అనే మామూలు మనిషి. పిశాచాలతో తిరిగిన ఆడవాళ్ళంటే వాడికి కసి. సొంత చెల్లెల్నే ముందు చంపుకున్నాడు. సూకీ కోసం వచ్చి, ఆమె దొరక్కపోతే వంటింట్లో ఉన్న నాయనమ్మను పొట్టన పెట్టుకున్నాడు. కోరలున్నవాడు కాదు, కూరలో ఉప్పు బావుందని మెచ్చుకోగలవాడే హంతకుడు. ఆ నవలకు ఆంథొనీ బహుమతి వచ్చిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

ఇంకో సంగతి. ఈ పుస్తకాల్లో దయ్యాలకంటే నాకు ఎక్కువ నచ్చింది ఇంటి సంసారం. ఇంటిముందు బాటకి కంకర పోయించాలి, డబ్బుల్లేవు. ఇంటి పన్ను కట్టాలి. ఐదో నవల్లో వంటిల్లు తగలబడితే కొత్తది కట్టించుకోవడం ఒక పెద్ద ప్రకరణం. పిశాచరాజుల తగవు తీర్చి ఇంటికొచ్చి, గిన్నెలు కడుక్కుని, బట్టలు ఇస్త్రీ చేసుకుని డ్యూటీకి పోతుంది. ఈ పిశాచాలకు ఒక నియమముంది. ఇంటివారు రమ్మంటే తప్ప గడప దాటి లోపలికి రాలేరు. ఒకసారి రమ్మన్నాక కూడా ఆ పిలుపును వెనక్కి తీసుకోవచ్చు. మూడో నవల చివర సూకీ విసిగిపోయి బిల్‌నీ, ఎరిక్‌నీ ఇద్దర్నీ కలిపి వెళ్ళిపొమ్మంటుంది. అంతే, నూట యాభయ్యేళ్ళ సిపాయీ, వెయ్యేళ్ళ వైకింగ్ వీరుడూ నోరు మూసుకుని వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం అవతల పడతారు! గడప తనది అని ఒక ఆడపిల్ల అనగలగడం, అన్నమాట చెల్లడం... ఎందరు ఆడవాళ్ళు ఆ పేజీ దగ్గర ఆగి రెండోసారి చదువుకుని ఉంటారో!

ఇక నా ఫిర్యాదులు. అవి తక్కువేం కాదు.

నాలుగో నవలలో ఎరిక్‌కి మతిపోయి, తనెవరో మర్చిపోయి సూకీ ఇంట్లో తలదాచుకుంటాడు. అంతదాకా కథ చిన్నది, ఊరు చిన్నది, మనుషులు దగ్గరివాళ్ళు. అక్కణ్ణించి జనాభా పెరగడం మొదలైంది. తోడేళ్ళైపోయాయి, చిరుతలొచ్చాయి. చిరుతలైపోయాయి, పులి మనిషి వచ్చాడు. తర్వాత మంత్రగత్తెలు, దేవకన్యలు, భూతాలు. వచ్చిన ప్రతి మగవాడూ సూకీని చూసి మనసు పారేసుకోవడమే. బిల్, ఎరిక్, ఆల్సీడ్, క్విన్, వీళ్ళందరి వెనకాల నోరు విప్పని శామ్. పెళ్ళిచూపుల హడావిడిలో హత్య ఎవరు చేశారన్నది ఓ మూలకి పోతుంది. పైగా ప్రతి నవల మొదట్లోనూ 'జరిగిన కథ' చెప్పాలి కాబట్టి నాలుగైదు పేజీలు పాత పాటే. పాఠకులకు పన్నెండేళ్ళు గడిచిపోతే సూకీకి గడిచింది రెండు మూడేళ్ళే. ఆ కాస్త కాలంలో అన్ని చావులు, అన్ని యుద్ధాలు కుక్కితే ఎవరు నమ్ముతారు?

దీనికంటే బరువైన ఫిర్యాదు ఇంకొకటుంది. 'పిశాచాలకూ హక్కులు కావాలి', 'వాళ్ళూ పౌరులే' అని ఈ నవలల్లో అందరూ వాదిస్తుంటారు. అది ఎవరి మాటకు ప్రతిధ్వనో అమెరికా చరిత్ర కొద్దిగా తెలిసినవారికి కూడా అర్థమవుతుంది. కానీ లూసియానాలో నిజంగా హక్కుల కోసం నెత్తురు కార్చిన నల్లవారు ఈ నవలల్లో పక్కన నిలబడే పాత్రలు. బిల్ అంతర్యుద్ధంలో బానిసత్వం వైపు పోరాడిన సైన్యంలో సిపాయి. నాయనమ్మ క్లబ్బువాళ్ళు అతన్ని పిలిపించి, ఆ యుద్ధం కబుర్లు చెప్పించుకుని మురిసిపోతారు. బానిసల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. నల్లజాతి వంటవాడు లాఫయెట్ రెండో నవల మొదట్లోనే కారులో శవమై కనిపిస్తాడు. 2008 నుంచి 2014 దాకా 'ట్రూ బ్లడ్' పేరుతో ఇదే కథను టీవీలో తీసినవాళ్ళు ఆ పొరపాటు చెయ్యలేదు. నెల్సన్ ఎల్లిస్ వేసిన లాఫయెట్‌ను ఏడు సీజన్లూ బతికించుకున్నారు. మనిషి విలువ టీవీవాళ్ళకి తెలిసింది, పుస్తకానికి తెలియలేదు. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది.

సరే, ఇంత విసుక్కుంటూ మరి ఎందుకు చదివావు అంటారేమో. తొమ్మిదో నవల కోసం. 'డెడ్ అండ్ గాన్', 2009. అందులో దేవజాతి శత్రువులు సూకీని పట్టుకుపోయి చిత్రహింసలు పెడతారు. అంతకుముందు కూడా దెబ్బలు తిన్నది, పిశాచం రెండు చుక్కల రక్తం తాగిస్తే లేచి కూచునేది. ఈసారి అలా కాదు. ఒళ్ళు మానుతుంది గానీ మనసు మానదు. పదో నవలలో మన సూకీ నవ్వుతూనే ఉంటుంది, కానీ ఆ నవ్వు వెనక చల్లటిదేదో గడ్డకట్టి ఉంటుంది. పగ తీర్చుకోవాలనుకుంటుంది. చంపడం గురించి వంట గురించినట్టే ఆలోచిస్తుంది. కాలక్షేపం కథ ఇన్నేళ్ళు కాలక్షేపం చేసినందుకు ఒకేసారి బాకీ తీర్చినట్టయింది. తేలిక నవల రాసేవారికి ఇది ఎంత సాహసమో రాసేవారికే తెలుస్తుంది. పాఠకులు ఒప్పుకోరు. చాలామంది ఒప్పుకోలేదు కూడా.

ఆ తర్వాత ముగింపు. 2013 మే నెలలో ఆఖరి నవల బజారులోకి రాకముందే ముగింపు బయటికి పొక్కింది. సూకీ బిల్‌ని కాదు, ఎరిక్‌ని కాదు, శామ్‌ని ఎంచుకుంటుంది. పుస్తకాల మీద మండిపడినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు, రచయిత్రికి బెదిరింపులు కూడా వెళ్ళాయని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఒక కల్పిత పిల్ల పెళ్ళికి ఒక నిజమైన మనిషిని భయపెట్టడం! హీరోయిన్‌ని ఫలానావాడికే ఇచ్చి చెయ్యండి అని ఉత్తరాలు నాకూ వచ్చాయి. ఆ ఉత్తరాల్లో ఉండే ప్రేమ నాకు తెలుసు. కానీ ప్రేమకూ హక్కుకూ మధ్య ఒక గడప ఉంది. పాఠకులైనా పిలిస్తేనే దాటాలి.

అసలు నన్నడిగితే, సూకీ ఎవర్ని చేసుకుంటే మనకేం? పగలు కళ్ళు తెరవలేనివాడికంటే పొద్దున్న లేచి బార్ తలుపు తీసేవాడు నయం, నాయనమ్మ కూడా అదే అనేది. ఆ గొడవలో పడి జనం చూడాల్సినదాన్ని చూడలేదు. ఈ పదమూడు నవలల అసలు కథ మొగుళ్ళ కథ కాదు, ఆర్లీన్ కథ.

ఆర్లీన్ గుర్తుందా? మొదటి నవల్లో సూకీతోపాటు సప్లై చేసే ఎర్రజుట్టు స్నేహితురాలు. ఆ హంతకుడు రెనే ఒకప్పుడు ఆవిడ మొగుడు. పిల్లలు కోబీ, లీసాలను సూకీయే ఎత్తుకు తిప్పింది. చెడ్డది కాదు, కొంచెం తెలివితక్కువది, మొగవాళ్ళ ఎంపిక మరీ తక్కువ. అలాంటి మనిషి కాస్త కాస్తగా పిశాచాలను ద్వేషించే మతసంఘంలో కలిసిపోతుంది. ముందు మాటలు తగ్గుతాయి. తర్వాత చూపులు మారతాయి. తొమ్మిదో నవలకి సూకీని శిలువ వెయ్యడానికి తన ఇంటికే పిలుస్తుంది. కోరలూ లేవు, మంత్రాలూ లేవు. పక్కన నిలబడి గ్లాసులు కడిగిన మనిషి ఎలా శత్రువవుతుందో హారిస్ తొందరపడకుండా, తొమ్మిదేళ్ళపాటు, నవలకో నాలుగు పేజీల చొప్పున చూపించింది. ఒక్క నవలలో ఇది సాధ్యం కాదు. సీరియల్‌కి మాత్రమే చేతనైన పని ఇది. మనమూ ఆ నాలుగు పేజీలను ఏమంత పట్టించుకోం. సూకీ కూడా పట్టించుకోలేదు. మనసులో మాట వినే పిల్ల!

ఆఖరి నవలలో ఆర్లీన్ జైలునుంచి బెయిలు మీద వచ్చి మళ్ళీ ఉద్యోగం ఇమ్మని అడుగుతుంది. సూకీ కాదంటుంది. కాదనకేం చేస్తుంది? తర్వాత బార్ వెనకాల చెత్త తొట్టిలో ఆర్లీన్ శవం. గొంతుకు బిగించింది సూకీ స్కార్ఫే. మొదటి నవల్లోనూ గొంతు పిసికిన చావులే, ఆఖరి నవల్లోనూ అదే. అక్కడ పాత పగవాళ్ళందర్నీ పోగుచేసి హడావిడిగా చిక్కుముడి విప్పడం నాకు నచ్చలేదు. పదమూడో నవల పదమూడిట్లోకీ నీరసమైనది. కానీ ఆ నీరసం మధ్యలోనే సూకీ, తనని చంపించబోయిన మనిషి కోసం, ఆ పిల్లల కోసం కుమిలిపోవడం ఉంది చూడండి, అది నిజం.

అంచేత, 'చదవమంటారా?' అని అడిగేవారికి నా సమాధానం ఇది. మొదటి నాలుగూ చదవండి. మధ్యవి కూర తరుగుతూ వినగలిగితే వినండి, పేజీలు ఎగరేసినా పాపం లేదు. తొమ్మిదోది తలుపేసుకుని చదవండి. ఆఖరుది కోపం తెచ్చుకోకుండా చదవండి. ఈ ప్రయాణమంతా బిల్ ఏమయ్యాడు, ఎరిక్ ఏమయ్యాడు అని మాత్రమే చూడకండి. ఆర్లీన్ వచ్చిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగండి. ఆవిడ ఎలా మారుతోందో కనిపెట్టండి. మన పక్కనే ఉన్నవాళ్ళ విషయంలో అంత శ్రద్ధ మనకు అంత సులభంగా రాదు.