సీనియర్ల విభాగం

శివరాత్రి వచ్చిందంటే మా మేళ్లచెరువులో శంభులింగేశ్వరుడి దర్శనం ఒక ఎత్తు, ఎడ్ల పందేలు ఒక ఎత్తు. పళ్లు చూసి విభాగాలు కడతారు. పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు, ఆరు, ఆ పైన సీనియర్లు. అన్నిటికన్నా బరువైన బండ లాగేది సీనియర్లే.

మనుషుల దగ్గరకొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. అరవై దాటాక నేను బిందె మీద చెయ్యి వేస్తే చాలు, "మామయ్యా, మీరుండండి" అంటూ కోడలు పరుగెత్తుకొస్తుంది. నాకు బీపీ. డాక్టరు నడవమన్నారని రెండేళ్లు తెల్లారుజామున గుడిదాకా నడిచాను. ఆయాసం తగ్గింది. కానీ కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాల్సి వచ్చేది. గుండె కుదుటపడుతుంటే తొడల్లో కండ కరిగిపోతోందన్నమాట.

పందెపు ఎడ్లను సాకే ఒక రైతు దగ్గర ఈ మాటెత్తితే నవ్వాడు. "నడిపించకపోతే దమ్ము రాదు, బండ కట్టకపోతే బలం రాదు. ఒకటి చేసి ఒకటి మానితే ఎట్లా బాబాయ్?"

అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు అచ్చంగా ఇదే పరీక్షించి 2024లో ఫలితం చెప్పారు. అధిక బరువూ బీపీ ఉన్న 406 మంది, వయసు 35 నుంచి 70. కొందరిని వ్యాయామం లేకుండా ఉంచి, మిగతావాళ్లతో ఏడాదిపాటు వారానికి మూడు రోజులు, గంటసేపు చేయించారు. బీపీ, చెడు కొలెస్ట్రాల్, చక్కెర, కొవ్వు కలిపి చూస్తే, బరువులు మాత్రమే ఎత్తినవాళ్లకు చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. నడకలాంటి ఏరోబిక్ వ్యాయామం అరగంట, బరువులు అరగంట చేసినవాళ్లకు మాత్రం గంటంతా ఏరోబిక్ చేసినంత మేలు జరిగింది. కండబలం అదనం.

అందుకే డాక్టరునడిగి, నడక అయ్యాక అరుగు మీద రెండో పని మొదలుపెట్టాను. వారానికి మూడు రోజులు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, గోడను రెండు చేతులా నెట్టడం, నీళ్ల సీసాలు ఎత్తి దించడం. ఊపిరి బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది. ఎత్తేటప్పుడు వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా అక్కడికక్కడే ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఇప్పుడు గోడ అవసరం లేకుండా లేస్తున్నాను. మొన్న కోడలు తనంతట తనే బిందె అందించింది, సగానికే నింపి. సీనియర్ల బండ కాదులెండి. ఇంకా పాలపళ్ల విభాగంలోనే ఉన్నాను.