వైజ్ఞానిక చిత్రముల పునఃకథనము

ఢిల్లీనగర దక్షిణభాగమున సాకేత్ అను పేట యున్నది. 1997వ సంవత్సరమున అచ్చటి అనుపమ్ చిత్రశాల నాలుగు తెరలతో ప్రారంభమైనది. భారతదేశమున మల్టీప్లెక్సు అని పేరుగాంచిన మొదటి చిత్రశాల అదియే. ఒకే కప్పు క్రింద పలు చిత్రములు నడుచుటచే ప్రేక్షకునకు ఎన్నుకొను స్వేచ్ఛ పెరుగునని నాడు పలువురు తలచిరి. కాని యీ పాతికేండ్లకు పైబడిన కాలమున అట్టి తెరలపైకి విదేశములనుండి వచ్చిన వైజ్ఞానిక కల్పనాచిత్రముల పేళ్లు గమనించినచో, గాడ్జిల్లా, స్టార్ ట్రెక్, ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్, డ్యూన్ - అన్నియు వెనుకటి తరమువారు ఎరిగిన పేళ్లే. పాత చిత్రపరంపరను ప్రక్కనబెట్టి అదే కథను మొదటినుండి మరల ఎత్తుకొనుటను వ్యాపారభాషలో 'రీబూట్' అందురు. ఇట్టి చిత్రములు చూడదగినవేనా?

ఈ ప్రశ్నకు సిద్ధముగా రెండు సమాధానములు వినబడుచుండును. ఇది కేవలము వణిజుల పేరాస. తెలిసిన పేరున్నచో టిక్కెట్లు సులభముగా అమ్ముడుపోవును గనుక క్రొత్త కథకు సాహసింపరు - ఇది మొదటిది. చెప్పిన కథనే మరల చెప్పుట దోషమైనచో రామాయణ భారతములనుండి వెలసిన కావ్యసంపద యంతయు దోషమే కావలెను - ఇది రెండవది. రెండింటను కొంత సత్యమున్నది. కాని మొదటిది నిర్మాత మనస్సును గూర్చి చెప్పునేగాని కృతిని గూర్చి చెప్పదు. రెండవది పునఃకథనమునకు అనుమతి నిచ్చునేగాని మేలిదానిని తాలుదానిని వేరుచేసి చూపదు. తూనికరాయి మరియొకటి కావలెను.

ఆ తూనికరాయి సాకేత్ అను పేరులోనే దొరకును. సాకేతము అయోధ్యకు నామాంతరము. మైథిలీశరణ గుప్త హిందీలో ఆ పేరుతోనే ఒక మహాకావ్యము రచించెను. అందలి కథ ఎవరికిని క్రొత్తది కాదు; దృష్టి క్రొత్తది. లక్ష్మణుడు అన్నవెంట అడవికేగగా అంతఃపురమున పదునాలుగేండ్లు మిగిలిపోయిన ఊర్మిళ గతి యేమైనదని ఆ కవి విచారించెను. తెలుగునాట ఆ విచారణ మన స్త్రీలు తమ పాటలలో ఎన్నడో చేసియున్నారు. 'ఊర్మిళాదేవి నిద్ర' పాటలో ఆమె ఆ యేండ్లన్నియు నిద్రించును. తిరిగివచ్చిన భర్త లేపబోగా గుర్తింపక, పరపురుషుడెవడో వచ్చెనని మందలించును. మూలమున నిద్రించుచున్నదానిని మేల్కొల్పునదే పునఃకథనము. మేలుకొనియున్నదానికే మరల రంగు పూయునది ప్రతి మాత్రమే. మొదటి చిత్రము చూడక విడిచినదేమి, రెండవది దానిని చూచినదా - ఏ రీబూట్ నైనను అడుగవలసిన ప్రశ్న యిదియే.

ఇచ్చట ఒక గందరగోళమును తొలగించుట అవసరము. జార్జి లూకాస్ తన 1977 నాటి 'స్టార్ వార్స్'కు కంప్యూటరుతో సృష్టించిన దృశ్యములు చేర్చి 1997లో మరల విడుదల చేసెను. కె. వి. రెడ్డి దర్శకత్వమున 1957లో వచ్చిన 'మాయాబజార్'కు 2010లో రంగులద్దిరి. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369' మెరుగుపరచిన ప్రతిగా 2025 ఏప్రిలులో తిరిగి తెరకెక్కినది. ఇవి సవరణలు, జీర్ణోద్ధరణములు. గుడి పడిపోకుండ జీర్ణోద్ధరణము చేయవలసినదే. కాని గోడకు సున్నము వేసినంతమాత్రమున క్రొత్త దేవుడు వెలయడు.

పునఃకథనమునకు చక్కని నిదర్శనము 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' పరంపర. ఫ్రెంచి రచయిత పియేర్ బూల్ 1963లో వ్రాసిన నవల ఆధారముగా 1968లో ఫ్రాంక్లిన్ షాఫ్నర్ తొలిచిత్రము తీసెను. వానరులు ఏలు దేశమున బందీయైన వ్యోమగామి, తుదకు సముద్రతీరమున సగము పూడిన స్వాతంత్ర్యదేవత విగ్రహమును చూచి, అది పరలోకము కాదనియు, మనుజులు నాశనము చేసికొన్న తన భూమియే అనియు గ్రహించును. అణ్వస్త్రముల నీడలో బ్రదికిన తరమునకు ఆ దృశ్యము పిడుగుపాటు. 2001లో టిం బర్టన్ ఆ కథను మరల తీసెను. వానరముఖములు మరింత సహజములైనవి. పోరాటములు మరింత వేగవంతములైనవి. తుదిని ఆశ్చర్యమొకటి యుండితీరవలెనని లింకన్ స్మారకమందిరమున వానరవిగ్రహమును నిలిపిరి. అది కనుబొమలను ఎత్తించునేగాని గుండెను తాకదు. ఏలయన అందు మూలములోని చమత్కారము వచ్చినది. మూలములోని భయము రాలేదు.

పదేండ్ల పిదప రూపర్ట్ వయట్ తీసిన చిత్రము వేరు. అల్జీమర్స్ వ్యాధికి మందు కనుగొనుటకై ఒక శాస్త్రజ్ఞుడు వానరములపై పరీక్షలు జరుపును. ఆ మందు ప్రభావముతో పుట్టిన సీజర్ అను వానరశిశువు అతని యింట బిడ్డవలె పెరిగి, తరువాత బోనున పడును. వాని నోట మొదట వెలువడు మాట నిరాకరణము. కథ యిప్పుడు బందీయైన మనుజునిది కాదు. మనుజుడు బంధించిన ప్రాణిది. ఈ బీజము 1972 నాటి నాల్గవ చిత్రముననే యున్నది. కాని ప్రయోగశాల, మందుల వ్యాపారము, ప్రేమించి పెంచినవాడే యజమాని యగుట అను అంశములు ఆ బీజమునకు నేటి మట్టిని సమకూర్చినవి. ఆండీ సెర్కిస్ అభినయమును యంత్రముచే గ్రహించి వానరరూపమునకు తొడిగిన విద్య యిందు అలంకారము కాదు. వానరుని కన్నులలో మనస్సు కనబడనిచో కథయే లేదు. ఊర్మిళను మేల్కొల్పుట యనగా నిదియే.

'ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్' కూడ ఈ తూనికకు నిలుచును. 1956లో డాన్ సీగెల్ తీసిన చిత్రమున ఒక చిన్న ఊరి జనులు ఒక్కొక్కరుగా, రూపము మారకయే, హృదయము లేనివారగుదురు. అందరి వెంట నడువనివానిని సంఘము ఏమి చేయునో అన్న భయమందున్నది. 1978లో ఫిలిప్ కాఫ్మన్ ఆ కథను సాన్‌ఫ్రాన్సిస్కో మహానగరమునకు తరలించెను. చిన్న ఊరిలో పొరుగువాడు మారినచో వెంటనే తెలియును. మహానగరమున పొరుగువాడు ముందే అపరిచితుడు. స్థలము మారుటచే భయము మారినది. మొదటి చిత్రమునకు నిర్మాణసంస్థ ఆశను సూచించు ముగింపును తగిలించినది. రెండవది ఆ ఊరట నీయదు.

అయితే కాలమునకు తగిన భయమును తెచ్చినంతనే చాలునా? చాలదు. 1951 నాటి 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' చిత్రమున అన్యగ్రహవాసి భూమికి వచ్చి హెచ్చరిక చేసి, నిర్ణయమును మానవులకే విడిచి వెడలిపోవును. 2008 నాటి పునఃకథనమున ఆయుధభయము స్థానే ప్రకృతివినాశము వచ్చినది. అంశము యోగ్యమే. కాని వచ్చినవాడు మానవజాతిని తుడిచివేయుటకు వచ్చి, ఒక తల్లి, బిడ్డల అనురాగమును చూచి మనసు మార్చుకొనును. మానవులు తేల్చుకొనవలసిన ప్రశ్నను అతిథియే తేల్చినాడు. భయమును మార్చి వివాదమును విడిచినచో మిగులునది పటాటోపమే. 1954లో ఇషిరో హోండా సృష్టించిన గాడ్జిల్లా అణుబాంబుల గాయము మానని జపానుయొక్క శోకరూపము. 1998లో అది న్యూయార్కునకు పోయి ఉత్త పెద్దబల్లి యైనది. 2023లో తకాషి యమజాకి దానిని యుద్ధానంతర జపానునకే తిరిగి తెచ్చి, ఆత్మాహుతిదళమునుండి తప్పుకొని బ్రదికిన వైమానికుని అపరాధభావముతో ముడివేసెను. ప్రేక్షకుడు జంతువును గాక మనుజుని చూచి వణికినాడు.

వైజ్ఞానిక కల్పనకు పురాణమునకు లేని చిక్కొకటి గలదు. దాని భవిష్యత్తు గతమై పోవును. 1982లో వచ్చిన 'బ్లేడ్ రన్నర్' కథ 2019లో జరుగును; ఆ సంవత్సరము గడచిపోయినది. కావున ఈ జాతి కథలకు పునఃకథనము ఒకవిధముగ సహజావసరము. అంతమాత్రమున పాత చిత్రము కాలదోషము పట్టిన పంచాంగము కాదు. ఒక తరము దేనికి భయపడినదో తెలుపు సాక్ష్యమది. క్రొత్తదానిని చూచువాడు ముందు పాతదానిని చూచుట న్యాయము. లేనిచో మేల్కొన్నది ఎవరో వానికి తెలియదు.

తెలుగు రచయితలకు ఈ చర్చ పరాయిది కాదు. 1957 నాటి 'మాయాబజార్' కథ 1936లోనే తెలుగు తెరపైకి వచ్చినది. వ్యాసభారతమున లేని శశిరేఖా పరిణయమది. ఐనను పాండవుల పక్షపు కథను పాండవులను ఒక్కమారైనను చూపకయే నడిపించి, అదృశ్యముగనున్న బలమును ఇంటింటి ముచ్చటలలో ధ్వనింపజేసిన నేర్పు తరువాతిదానికే దక్కినది. 2024లో నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ' ఇంకను సాహసించినది. సౌప్తికపర్వమున నిద్రించుచున్నవారిని చంపి, పిదప ఉత్తర గర్భముపై అస్త్రము ప్రయోగించి శాపగ్రస్తుడైన అశ్వత్థామను, అందు పుట్టబోవు శిశువునకే కావలి యుంచినారు. పాపము చేసినచోటనే ప్రాయశ్చిత్తము! వేయేండ్లుగ చదువబడుచున్న కథలో ఇంతకాలము నిద్రించిన మాట యిది. కాని ఆ చిత్రమే ఆ మాటను పలికి, దానిని విననీయక, వాహనముల హోరులోను పోరాటముల పొడవులోను పదేపదే ముంచివేసినది. బీజము మనది, పందిరి చాలవరకు విదేశచిత్రములదిగ తోచును.

తెలుగుచిత్రములు పరంపరలుగ సాగు కాలమిది. పాత పేళ్లకు క్రొత్త కథలు వ్రాయుమని అడుగువారు రచయితల యిండ్లకును రాగలరు. అప్పుడు పేరు పెద్దదా, ధనము ఎంత అని తలచుటకు ముందు, ఈ కథలో ఇంకను నిద్రించుచున్న దెవరని అడుగగల రచయిత కావలెను. 'ఆదిత్య 369' కాలయంత్రము రాయలనాటికి పోయినది, 2504కును పోయినది. రాయల సభను తెలుగువాడు ముందే ప్రేమించియున్నాడు. ఆ రానున్న లోకమును ఇంకను ఊహింపవలసియున్నది. ఆ కథను మరల ఎత్తుకొనువారికి పని అచ్చటనే యున్నది.

కావున రీబూట్ చిత్రములు చూడదగినవేనా యన్న ప్రశ్నకు గంపగుత్తగ సమాధానము లేదు. మేల్కొల్పునవి చూడదగినవి, అలంకరించునవి ఒక సాయంకాలమునకు చాలును. తెర లెన్ని యున్నను, దీపములు ఆర్పిన తరువాత ప్రేక్షకునకు దక్కునది ఒక్క కథయే. అది పాతదైనను, తన కాలమును గూర్చి తాను ఎరుగనిదేదో చెప్పినచో, వాడు ఇచ్చిన రూకకు న్యాయము జరిగినట్లే.