కిటికీ చాటు గాత్రం

తెలుగు హాస్యచిత్రాల ప్రస్తావనలో అంతగా వినిపించని ‘పక్కింటి అమ్మాయి’ (1953), సినిమా నేపథ్యగానాన్నే నవ్వులకు ముడిసరుకుగా చేసుకున్న అరుదైన చిత్రం. నేపథ్యగానం అంటే గాయకుని గొంతుతో ముందే రికార్డు చేసిన పాటను చిత్రీకరణ వేళ వినిపిస్తుండగా నటుడు దానికి తగినట్టు పెదవులు కదపడం. 1930లలో తమ పాటలు తామే పాడుకునే నటీనటులకు అలవాటుపడిన ప్రేక్షకులు 1950ల నాటికి ఈ ఏర్పాటుతో ఎంతగా రాజీపడ్డారంటే, కనిపించేది ఒకరు, పాడేది వేరొకరు అని తెలిసి కూడా పాట సాగినంతసేపూ ఆ సంగతిని పక్కన పెట్టేవారు. ఆ పక్కన పెట్టిన సంగతినే ఈ సినిమా తెచ్చి కళ్లెదుట నిలిపింది.

సుధీర్ ముఖర్జీ తీసిన బెంగాలీ చిత్రం ‘పాశేర్ బాడీ’ (1952) ఆధారంగా చిత్తజల్లు పుల్లయ్య రూపొందించిన ఈ కథలో, పాటంటే ప్రాణం పెట్టే పొరుగింటి అమ్మాయిని మెప్పించాలని తపించే, పాడడం చేతకాని యువకుడు గాయకుడైన మిత్రుణ్ణి చాటున కూర్చోబెట్టి పాడిస్తూ తాను ఆమెకు కనిపించేలా పెదవులు కదుపుతాడు. అమ్మాయి అంజలీదేవి, యువకుడు రేలంగి. మిత్రుని వేషం కట్టినవాడు నిజంగానే నేపథ్యగాయకుడైన ఎ.ఎం. రాజా.

ఇటువంటి హాస్యానికి కావలసిన పనితనం చిన్నది కాదు. మామూలు పాటలో పెదవికీ పలుకుకూ పొత్తు కుదరకపోతే అది దోషం; ఇక్కడ ఆ దోషమే నవ్వించాలి కనుక, పల్లవి అందుకున్న అర క్షణానికి తెరుచుకునే నోరు, పాట ఆగినా మూతపడని నోరు, అన్నీ తాళం తెలిసినవాడు మాత్రమే చేయగల తప్పులు. ‘పాతాళభైరవి’ (1951)లో తన పాట తానే పాడుకున్న రేలంగికి పాట రానివాని పాత్ర దక్కడం ఎంతో సమంజసమైన ఎంపిక. ఇంకో విశేషమేమంటే, చిత్రీకరణ పద్ధతిని బట్టి చాటున పాడుతున్నట్టు కనిపించే రాజా కూడా తన రికార్డుకే పెదవులు కలపాలి. అంటే గోడకు ఇరువైపులా జరిగేది ఒకే నటన.

తెర వెనుక నుంచి కథకులు బొమ్మలకు గొంతునిచ్చే తోలుబొమ్మలాటను తరతరాలుగా ఎరిగిన జనానికి చాటు గొంతు కొత్త కాదు గాని, ఆ చాటు మనిషిని కథలోకి లాగి పాత్రను చేయడం కొత్త. మోసం కథానాయికకు తెలియదు, హాలులో ప్రతి ఒక్కరికీ తెలుసు. నవ్వంతా ఆ ఎడంలోనే పుడుతుంది.

ఈ ఇతివృత్తానికి ప్రేక్షకాదరణ ఉంటుందన్న నమ్మకం ఎంత గట్టిదో తరువాతి చరిత్ర చెబుతుంది. 1960లో తమిళ ‘అడుత్త వీట్టు పెణ్’లో అంజలీదేవి అదే పాత్రను మళ్లీ ధరించింది, 1968లో హిందీ ‘పడోసన్’ వచ్చి దేశమంతటా పేరు తెచ్చుకుంది. పదిహేనేళ్ల ముందే తెలుగులో జరిగిన పనికి ఆ పేరులో వాటా దక్కకపోవడం బాధాకరం. 1981లో కె. వాసు ‘పక్కింటి అమ్మాయి’ని తిరిగి తీసినప్పుడు రాజా వేషం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి వచ్చింది; అప్పటికే ఎందరో కథానాయకులకు గొంతునిచ్చిన ఆ మనిషి చంద్రమోహన్ చాటున చేరి పాడుతుంటే, ప్రేక్షకులకు ఏళ్ల తరబడి వినిపించిన గొంతు వెనుక ముఖం కనిపించింది.